దివ్యాంగులకు సొంత బండి: ఉచితమా, లీజా, కొనుగోలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

దివ్యాంగులకు వాహనాన్ని లీజుకు ఇచ్చే ప్రభుత్వ పథకం మన దగ్గర ఉందా?

లేదు. మనకున్నవి మూడు దారులు. ఒకటి, రాష్ట్ర ప్రభుత్వం నూరు శాతం రాయితీతో ఇచ్చే మూడు చక్రాల మోటారు వాహనం, అంటే సైడు చక్రాలు బిగించిన స్కూటరు. రెండు, దివ్యాంగులకు ఉపకరణాలు ఇచ్చే కేంద్రం ఏడిప్ పథకం కింద, ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో తయారు చేసే బ్యాటరీ ట్రైసైకిల్. మూడు, సొంత డబ్బుతోనో అప్పుతోనో బండి కొని, శరీరానికి తగ్గట్టు మార్పించుకోవడం. ప్రైవేటు కంపెనీలు నెలవారీ అద్దెకు కార్లు ఇస్తున్నాయి గానీ అవి దివ్యాంగుల కోసం పెట్టినవి కావు. ఆ సంగతి కింద విడిగా రాశాం.

మరి లీజు మాట ఎక్కడి నుంచి వచ్చింది?

బ్రిటన్‌లో 1977లో మొదలైన మోటబిలిటీ పథకం నుంచి. అక్కడ నడవలేని వారికి ప్రభుత్వం ఇచ్చే భత్యంలో రాకపోకల భాగం విడిగా ఉంటుంది. ఆ భాగాన్ని వదులుకుంటే దానికి బదులు కారు ఇస్తారు. మామూలుగా లీజు 3 ఏళ్లు, వీల్‌చైరుతో సహా ఎక్కే బండికి 5 ఏళ్లు. బీమా, సర్వీసింగు, టైర్లు, దారిలో ఆగిపోతే సాయం అన్నీ అందులోనే. గడువు తీరాక పాతది అప్పగించి కొత్తది తెచ్చుకుంటారు.

అందులోనూ లోపాలున్నాయి. పెద్ద బండి కావాలంటే ముందుగా కట్టాల్సిన మొత్తం పెరుగుతుంది. వైకల్యాన్ని మళ్లీ అంచనా వేసినప్పుడు భత్యం తగ్గిస్తే బండి కూడా వెనక్కి ఇచ్చేయాలి. ఆ బండి మీద ఉద్యోగం చేసుకునేవాడికి అది పెద్ద దెబ్బ.

మనం గమనించాల్సింది ఇంకొకటుంది. మోటబిలిటీకి ముందు అక్కడి ప్రభుత్వమూ మూడు చక్రాల బండ్లే ఉచితంగా ఇచ్చేది. లేత నీలం రంగు, ఒకటే సీటు, పక్కన భార్యనో బిడ్డనో ఎక్కించుకోవడానికి వీల్లేదు. భద్రత లేదన్న ఫిర్యాదులు ఏళ్ల తరబడి వచ్చాయి. చివరికి 2003లో వాటిని రోడ్డు మీద తిరగనివ్వకుండా ఆపేశారు. వాళ్లు వదిలేసిన మెట్టు దగ్గర మనం ఇంకా నిలబడి ఉన్నాం.

ఉచితంగా వచ్చే మూడు చక్రాల వాహనానికి ఎవరు అర్హులు?

విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సహాయ సంస్థ ద్వారా ఇచ్చారు. గత విడతల్లో నియోజకవర్గానికి 10 చొప్పున 175 నియోజకవర్గాలకు 1,750 కేటాయించారు. వాటిలో పెట్టిన షరతులు ఇవి: వయసు 18 నుంచి 45, కాళ్ల వైకల్యం 70 శాతం పైన, ఏడాది ఆదాయం 3 లక్షల లోపు, డ్రైవింగ్ లైసెన్సు, ఇంతకు ముందు ఇలాంటి వాహనం తీసుకుని ఉండకూడదు. ప్రతి విడతకూ ప్రకటన కొత్తగా వస్తుంది, గడువు కొద్ది రోజులే ఉంటుంది. వైకల్య శాతం తెలిపే సదరం ధ్రువపత్రం, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, లైసెన్సు, వైకల్యం కనిపించే ఫొటో ముందే స్కాన్ చేసి ఫోనులో పెట్టుకోండి. ప్రకటన చూశాక ఆదాయ పత్రం కోసం సచివాలయానికి తిరగడం మొదలుపెట్టిన వాళ్లు చాలామంది గడువు దాటబెట్టుకున్నారు.

ఈ పథకం అవసరాన్ని తీరుస్తోందా?

అందిన వారికి కొంత తీరుస్తోంది. అందని వారే ఎక్కువ. దానికి కారణం సంఖ్య తక్కువ కావడం ఒక్కటే కాదు, షరతులు కోసిన తీరు కూడా.

వయసు సంగతి చూడండి. మన పల్లెల్లో బండి అవసరం ఎక్కువగా ఉన్నది పోలియో సోకిన తరానికి. దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. అంతకు ముందు పుట్టి జబ్బు పడిన వారిలో చాలామంది ఇప్పుడు 45 దాటారు, దాటబోతున్నారు. పైగా ముప్పై నలభై ఏళ్లు చంకకర్రల మీద శరీర భారం మోసిన భుజాలు అరిగిపోయేదీ ఈ వయసులోనే. చక్రం అవసరం పెరిగే నాటికి అర్హత ముగిసిపోతోంది.

ఇక 70 శాతం. ఒక కాలికి పోలియో వచ్చిన మనిషికి సదరంలో తరచుగా 40కీ 60కీ మధ్య శాతం వస్తుంది. అతను మామూలు స్కూటరు తొక్కలేడు, ఆగినప్పుడు కాలు మోపి నిలబెట్టలేడు. ఉచిత బండికేమో అర్హుడు కాడు. రెండు చేతులూ బలహీనంగా ఉన్నవారికీ, మెడ దగ్గర వెన్నెముక దెబ్బ తిన్నవారికీ ఈ బండి వచ్చినా నడపలేరు. అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టినట్టుంది ఈ ఏర్పాటు.

అన్నిటికన్నా పెద్ద లోపం మరొకటి. బండి ఇచ్చిన రోజుతో పథకం పని అయిపోతుంది. బెల్టు, టైర్లు, బీమా రెన్యువల్, సైడు చక్రాల బేరింగులు, విరిగిన బ్రాకెట్టు అన్నీ తీసుకున్నవాడి నెత్తినే. ఒకసారి తీసుకున్నాక మళ్లీ అర్హత లేదు గనక అది మూలపడితే మనిషీ మూలపడతాడు. లీజు పద్ధతిలో మెచ్చుకోవాల్సింది బండి కాదు, ఆ బండి నడుస్తూ ఉండే బాధ్యత ఇచ్చినవాడి మీద ఉండటం.

లైసెన్సు ఉంటేనే బండి అంటారు, బండి లేకుండా లైసెన్సు టెస్టు ఎలా?

చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుండే ఈ చిక్కు దగ్గరే ఎక్కువ మంది ఆగిపోతున్నారు. దారి ఇది:

1. ముందు ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారి లైసెన్సు) తీసుకోండి. వాహన తరగతి ఎంచుకునే చోట మామూలు గేరు లేని స్కూటరు కాకుండా అడాప్టెడ్ వెహికల్ (దివ్యాంగులకు తగ్గట్టు మార్చిన వాహనం) ఎంచుకోవాలి. పాత పత్రాల్లో దీన్నే ఇన్వాలిడ్ క్యారేజ్ అనేవారు. ఇక్కడ తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే.
2. ఆరోగ్యం గురించి మీరే రాసిచ్చే ఫారం 1తో పాటు, డాక్టరు సంతకంతో వైద్య ధ్రువపత్రం ఫారం 1ఏ ఉంచుకోండి. దాని మీద ‘వైకల్యం ఉంది’ అన్న ఒక్క ముక్క చాలదు. మార్పు చేసిన వాహనం నడపడానికి చేతుల బలం, చూపు సరిపోతాయని డాక్టరు రాయాలి.
3. ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు నిండాక టెస్టుకు వెళ్లొచ్చు.
4. టెస్టు రోజుకు సైడు చక్రాల స్కూటరు ఒకటి కావాలి. మీ మండలంలో అప్పటికే అలాంటి బండి ఉన్నవారిని అడిగి తెచ్చుకోండి. ఆ బండికి ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ పత్రం చెల్లుబాటులో ఉండాలి. సైడు చక్రాలు ఆర్‌సీలో నమోదు కాని బండిని టెస్టుకు తీసుకెళ్లొద్దు, తిప్పి పంపుతారు.

నెల్లూరు, ఒంగోలు కార్యాలయాలకే రానక్కర్లేదు. కావలి, కందుకూరు, మార్కాపురం వైపు వాళ్లు తమ దగ్గరి రవాణా కార్యాలయంలో స్లాటు చూసుకోవచ్చు. ట్రాకు దాకా మెట్లు లేకుండా వెళ్లే దారి ఉందో లేదో ముందు రోజే ఒకరిని పంపి కనుక్కోండి.

అలిమ్‌కో బ్యాటరీ ట్రైసైకిల్ సరిపోతుందా?

అది వైకల్యం 80 శాతం, ఆపైన ఉన్నవారికి. ఊళ్లో అంగడికి, బడికి, పింఛను చోటుకు బాగుంటుంది. చంకకర్రల మనిషికి అది ఎంతో హాయి. కానీ ఉదయగిరి నుంచి నెల్లూరుకో, కనిగిరి నుంచి ఒంగోలుకో వెళ్లడానికి పనికిరాదు, జాతీయ రహదారి మీద అసలు ఎక్కించకూడదు. బ్యాటరీని పూర్తిగా పడిపోయేదాకా వాడి తర్వాత చార్జింగు పెడితే ఆయుష్షు త్వరగా తగ్గుతుంది. రోజూ రాత్రి పెట్టండి. నెల రోజులు వాడకపోయినా మధ్యలో చార్జి చేయాలి.

స్కూటరుకు సైడు చక్రాలు వేయించుకుంటున్నాం. ఏవి చూసుకోవాలి?

ఇక్కడ ప్రాణాలతో పని, అందుకే కాస్త వివరంగా.

చాలా కిట్లలో స్కూటరు వెనక చక్రం అలాగే ఉంటుంది, దానికి అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు ఇనుప చట్రంతో బిగిస్తారు. బండిని తోసేదీ, వెనక బ్రేకు పట్టేదీ మధ్య చక్రమే. సైడు చక్రాలు కాస్త కిందికి దిగి ఉంటే బరువంతా వాటి మీద పడి మధ్య చక్రం తేలుతుంది. అప్పుడు ఎక్సలేటరు ఇస్తే చక్రం ఊరికే తిరుగుతుంది, బ్రేకు కొడితే జారుతుంది. స్పీడు బ్రేకరు మీద, కాలువ కట్ట మీద, దమ్ము చేసిన పొలం పక్క బాటలో బండి ‘ఇరుక్కుపోయింది’ అనేది ఎక్కువగా ఇదే.

పరీక్ష సులువు. చదునైన సిమెంటు నేల మీద బండి పెట్టి, నడిపే మనిషి కూర్చున్నాక, మధ్య చక్రం కింద మడత పెట్టిన దినపత్రిక కాగితం ఉంచండి. లాగితే తేలిగ్గా వచ్చేస్తే బరువు ఆ చక్రం మీద లేదు. బ్రాకెట్టు కన్నాల్లో సైడు చక్రాలను పైకి జరిపి మళ్లీ చూడాలి. మనిషి లేకుండా చేసిన అమరిక లెక్కలోకి రాదు. 50 కిలోల మనిషికి సరిపోయిన ఎత్తు 85 కిలోల మనిషికి సరిపోదు.

రెండోది, ప్రతి సైడు చక్రానికీ విడిగా షాకబ్జర్ ఉన్న కిట్టు తీసుకోండి. గట్టిగా వెల్డు చేసిన చట్రమైతే గుంత పడినప్పుడల్లా దెబ్బ బ్రాకెట్టుకు తగులుతుంది. పగుళ్లు మొదట సైలెన్సరు వైపు బిగింపు దగ్గర కనిపిస్తాయి, వేడీ అదురూ రెండూ అక్కడే గనక. వారానికోసారి తడిగుడ్డతో తుడిచి చూడండి. రంగు మీద సన్నని తుప్పు గీత కనిపిస్తే అది పగులే. పాత పగులు మీద మళ్లీ వెల్డు పొయ్యకుండా ముక్క మార్పించండి.

మూడోది మలుపులు. మామూలు స్కూటరు మలుపులో లోపలికి వాలుతుంది. సైడు చక్రాల బండి వాలదు, బరువు బయటికి నెడుతుంది, వేగం ఎక్కువైతే బయటి వైపుకు బోల్తా పడుతుంది. రెండు చక్రాల మధ్య వెడల్పు ఎంత తక్కువైతే ప్రమాదం అంత ఎక్కువ. మలుపుకు ముందే 15 కిలోమీటర్ల వేగానికి తగ్గించాలి, మలుపులో ఉండగా బ్రేకు కొట్టకూడదు. నేరుగా ఉన్న రోడ్డు మీదా 40 దాటొద్దని మా మాట. అంతకు ముందు మామూలు స్కూటరు నడిపి, తర్వాత కాలు పోగొట్టుకున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. వాళ్ల ఒళ్లు అలవాటు కొద్దీ వాలబోతుంది.

ఇంకా: అన్ని చక్రాల్లోనూ గాలి వారానికోసారి చూసుకోవాలి. రెండు సైడు చక్రాల్లో గాలి తేడా ఉంటే హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది. అదనపు బరువు వల్ల డ్రైవ్ బెల్టు మామూలు కన్నా ముందే అరుగుతుంది, కంపెనీ చెప్పిన దూరంలో సగానికే తెరిపించి చూడాలి. మైలేజీ తగ్గుతుంది, అది జబ్బు కాదు. కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి బోల్టులు నెలల్లో పట్టేస్తాయి. బిగించేటప్పుడే గ్రీజు పూయించండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నీళ్లలో నడిపిన ప్రతిసారీ సైడు చక్రాల బేరింగుల్లో బురద చేరుతుంది, వానాకాలం అయ్యాక ఒకసారి విప్పించి శుభ్రం చేయించాలి.

గేరు లేని స్కూటర్లకు రివర్సు ఉండదు. దిగి వెనక్కి నెట్టలేని మనిషికి ఇది పెద్ద ఇబ్బంది. రివర్సు గేరు పెట్టె ఉన్న కిట్టు అడగండి. లేదా చాలా విద్యుత్ స్కూటర్లలో ఉండే రివర్సు మోడ్ చూడండి. అయితే వాటి చట్రానికి వెల్డింగు చేస్తే బ్యాటరీ వారంటీ పోయే అవకాశం ఉంది. బోల్టులతో బిగించే కిట్టే మేలు, కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

కారుకు చేతి కంట్రోళ్లు పెట్టించుకోవచ్చా?

పెట్టించుకోవచ్చు. గేర్లు తనంతట తానే మార్చుకునే కారైతే పని తేలిక. స్టీరింగు కింద ఒక లివరు ఉంటుంది, ముందుకు నెడితే బ్రేకు, లాగితే లేదా తిప్పితే ఎక్సలేటరు. కుడి కాలు ఒక్కటే పనిచేయని వారికి ఎడమ కాలితో నొక్కే ఎక్సలేటరు చాలు. వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ఆమోదం ఉన్న కిట్టే వేయించండి, ఆ ఆమోద పత్రం నకలు తీసుకోండి, రవాణా కార్యాలయంలో అడుగుతారు.

బిగించాక ఆగి ఉన్న కారులో 20 సార్లు వరుసగా బ్రేకు లివరు పూర్తిగా నెట్టి చూడండి. చెయ్యి అలిసిపోతే లివరు పొడవు చాలలేదు. లివరు కడ్డీ మోకాలికి తగలకూడదు, ఎయిర్‌బ్యాగు తెరుచుకునే దారికి అడ్డం రాకూడదు. స్పర్శ లేని కాళ్లున్నవారు పెడళ్ల ముందు అడ్డు పలక పెట్టించి తీరాలి. కాలు జారి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే మీకు తెలియను కూడా తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కేచోట కారు వెనక్కి జారకుండా హిల్ హోల్డ్ ఉన్న మోడల్ చూసుకోండి.

ప్రైవేటు కంపెనీ దగ్గర నెలవారీ లీజుకు కారు తీసుకుంటే?

మాకు తెలిసినంతలో ఇది మన అవసరానికి కుదరదు. చట్టప్రకారం బండిలో మార్పులకు యజమాని దరఖాస్తు, రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం కావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి ఇది. లీజు కారుకు యజమాని కంపెనీ. తిరిగి ఇచ్చేటప్పుడు బండి ఉన్నదున్నట్టు ఉండాలనేది వాళ్ల ఒప్పందం. ఒకవేళ ఒప్పుకున్నా ఆర్‌సీ మీ పేరు మీద ఉండదు గనక దివ్యాంగుల యాజమాన్యం కింద వచ్చే రాయితీలు అందవు. ఈ సేవలు నడిచేది కూడా ఎక్కువగా పెద్ద నగరాల్లో. సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: “చేతి కంట్రోళ్లు బిగించడానికి రాతపూర్వక అనుమతి ఇస్తారా?” సమాధానం రాతలో రాకపోతే వదిలేయండి.

ఫైనాన్సు మీద కొన్న బండికీ అంతే. మార్పుకు ముందు ఫైనాన్సు సంస్థ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి.

జీఎస్టీ రాయితీ ఇంకా ఉందా?

చిన్న కార్ల మీద (పెట్రోలు 1200 సీసీ, డీజిలు 1500 సీసీ, పొడవు 4 మీటర్ల లోపు) దివ్యాంగులకు 28 శాతం బదులు 18 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ సైజు కార్లకు అందరికీ 18 శాతమే అయింది. కాబట్టి ఆ తేడా ఇప్పుడు లేదు. దివ్యాంగుల పేరుతో ధర తగ్గిస్తామని ఎవరైనా కమీషను అడిగితే నమ్మవద్దు. వాహనాల్లో అమర్చే దివ్యాంగుల కిట్ల మీద పన్ను 5 శాతం. బిల్లులో 18 వేస్తే అడగండి.

ఆర్‌సీలో ఏమేం ఉండాలి?

యజమాని రకం దగ్గర ‘దివ్యాంగజన్’ అనీ, వాహనం అడాప్టెడ్ వెహికల్ అనీ ఉండాలి. 2020 అక్టోబరులో రిజిస్ట్రేషన్ ఫారం 20ని మార్చి ఈ యాజమాన్య వర్గం చేర్చారు. షోరూమ్ వాళ్లు అలవాటు ప్రకారం ‘వ్యక్తిగతం’ అని నింపేస్తారు. మీరు పక్కన కూర్చుని చూసుకోవాలి. తర్వాత మార్పించుకోవడం తల ప్రాణం తోకకు తెస్తుంది. జీవిత పన్ను మినహాయింపు కోసం దరఖాస్తు పన్ను కట్టకముందే పెట్టాలి, కట్టాక వెనక్కి రాబట్టుకోవడం కష్టం.

ఈ రెండు మాటలూ ఆర్‌సీలో ఉంటేనే మిగతావన్నీ. జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లో దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా రూపొందించిన వాహనానికి మినహాయింపు ఉంది. దానికి జాతీయ రహదారుల సంస్థ నుంచి మినహాయింపు ఫాస్టాగ్ విడిగా తీసుకోవాలి. మామూలు ఫాస్టాగ్ అంటించుకుని వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు గేట్ల దగ్గర కార్డు చూపించి వాదిస్తే లాభం లేదు, గేటు చదివేది ట్యాగునే.

బీమా?

మార్పు చేసిన సంగతి బీమా కంపెనీకి చెప్పి పాలసీలో రాయించండి. చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిము కొట్టేయడానికి వాళ్లకు అదే సాకు. చెప్తే మీకే లాభం కూడా: దివ్యాంగుల కోసం మార్చిన వాహనానికి సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గింపు ఉంది, దాని పేరు ఐఎంటీ 12. ఏజెంట్లు చాలామందికి ఇది తెలియదు, పేరు చెప్పి అడగండి. కొత్త స్కూటరుకు థర్డ్ పార్టీ బీమా 5 ఏళ్లకు ఒకేసారి వస్తుంది. ఉచిత బండి తీసుకున్నవారు ఆ గడువు తేదీని గోడ మీద రాసుకోండి. లేకపోతే ఆరో ఏడాది బీమా లేకుండా తిరుగుతూ పట్టుబడే ప్రమాదం ఉంది.

కారు కొంటే పింఛను పోతుందా?

పోయే ప్రమాదం ఉంది. 2019 డిసెంబరు నాటి అర్హత నిబంధనల్లో కుటుంబానికి సొంత నాలుగు చక్రాల వాహనం ఉండకూడదన్నారు. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఇచ్చారు గానీ, దివ్యాంగుడు తాను నడపడానికి మార్చుకున్న కారు ఆ జాబితాలో లేదు. ఇది చాలా అన్యాయమైన నిబంధన. కారు అతనికి విలాసం కాదు, కాళ్లు. కొనే ముందు సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి. సైడు చక్రాల స్కూటరును చూసి కారు లాంటి నాలుగు చక్రాల వాహనమని ఎవరైనా పొరబడితే ఆర్‌సీ తరగతి చూపించండి.

ఇక్కడా పింఛను బదులు బండి లీజుకిస్తే బాగుంటుంది కదా?

అలా పెడితే ఒప్పుకోకూడదు. ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000, మంచానికో వీల్‌చైరుకో పరిమితమైన వారికి 15,000 వస్తోంది. బ్రిటన్‌లో వదులుకునేది రాకపోకల భత్యం మాత్రమే, తిండికీ ఇంటికీ వచ్చేది వేరే. మన 6,000 బియ్యానికి, మందులకు, అద్దెకు. అందులోంచి లీజు కోస్తే మనిషి బండెక్కి ఆకలితో తిరగాలి.

అడగాల్సింది వేరే ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 41వ సెక్షన్ చూడండి. అందుబాటు ధరలో వ్యక్తిగత రాకపోకల కోసం ప్రోత్సాహకాలు, రాయితీలు, వాహనాలను మార్పించడం వీటికి పథకాలు తేవాలని ప్రభుత్వానికి స్పష్టంగా చెప్పింది. ఆ సెక్షన్ పేరు రాసి, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. కోరాల్సినవి: 45 ఏళ్ల గీత తీసేయడం, 40 శాతం పైన ఉన్నవారికి పాక్షిక రాయితీ, బండి ఇచ్చాక కనీసం 5 ఏళ్ల సర్వీసు ఒప్పందం, అరిగిపోయాక రెండో బండికి అర్హత. అర్జీ నంబరు రసీదు తీసుకోకుండా రావొద్దు.

ఉచిత బండి మంజూరైంది. తీసుకునే రోజు ఏం చూడాలి?

పంపిణీ సభలో ఫొటోల హడావుడిలో సంతకాలు పెట్టించుకుంటారు. తాళం చేతికి రాగానే బండి మీద కూర్చుని, పైన చెప్పిన దినపత్రిక కాగితం పరీక్ష చేయండి. రెండు బ్రేకులూ, సెల్ఫ్ స్టార్టరూ చూడండి. ఇంజను, చాసిస్ నంబర్లు పత్రంతో సరిపోతున్నాయా, సైడు చక్రాల నట్లకు లాకు వాషర్లు ఉన్నాయా, వారంటీ కార్డు మీద డీలరు ముద్ర పడిందా చూసుకోండి. మొదటి ఉచిత సర్వీసు ఏ ఊళ్లో చేస్తారో అక్కడే అడిగి రాయించుకోండి. కిట్టు వేసిన వాళ్లు ఒకరు, స్కూటరు డీలరు ఒకరు అయితే వారంటీ కార్డులు రెండు ఉండాలి. ఒకటే ఇస్తే రెండోది వచ్చేదాకా అందినట్టు సంతకం చేయకండి.